ఆగిపోయిన ‘ఏరా’

ప్రియమైన నీకు,

నీ రాతప్రతితో మూడు రాత్రులు కూర్చున్నాను. బాగుందా లేదా అన్న మాట తర్వాత చూద్దాం. ముందుగా, నువ్వు గమనించకుండానే రాసినట్టున్న ఒక సంగతి చెప్పాలి.

పన్నెండో పేజీలో నాన్న స్కూటర్‌కు స్టాండు వేస్తూ “ఏరా సాయీ, తిన్నావా?” అంటాడు. ఆడపిల్లను “ఏరా” అనీ “నాన్నా” అనీ పిలవడం మన ఇళ్లలో మామూలే. ముద్దు ముదిరితే పిలుపు మగపిల్లవాడి పిలుపైపోతుంది. ఆ “ఏరా” నీ నవలలో తొమ్మిదిసార్లు ఉంది, లెక్కపెట్టాను. నల్లకుంట ఫంక్షన్ హాల్లో సాయికి ఓణీల వేడుక జరిగిన అధ్యాయం తర్వాత ఒక్కసారి కూడా లేదు. అక్కడి నుంచి అంతా “అమ్మా”, “తల్లీ”. ఆయన ప్రేమ తగ్గలేదు. పిలుపు మాత్రం పోయింది. నాన్న ముద్దుగా అనే ఆ ఒక్క మాటలో తనను తాను మగపిల్లవాడిగా చూసుకున్న బిడ్డకు ఆ రోజు ఏం పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. చదువుతూ చదువుతూ నేను పుస్తకం మూసి కాసేపు బయట నిలబడ్డాను.

నీ నవల అక్కడ ఉంది. ఇరవై రెండో అధ్యాయంలో సైకాలజిస్టు చేసే ఆరు పేజీల ప్రసంగంలో లేదు. అందులో తప్పులున్నాయని కాదు, సాయి తన మనసులో ఇంకా పేరు పెట్టుకోని దానికి బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి పేరు పెట్టేస్తున్నాడు. ఆ ఆరు పేజీలూ తీసేయి.

రెండో విషయం కథనం. సగం వరకు “సాయి వచ్చింది”, ఆ తర్వాత కొత్త అధ్యాయం మొదలుపెట్టి “సాయి వచ్చాడు” అని రాశావు. ఆ మార్పు సాయి చేసింది కాదు, నువ్వు చేసింది. తెలుగులో ఏకవచనం కఠినమైనది. బళ్లో చదువుకున్న మహద్వాచకం, అమహద్వాచకం గుర్తుచేసుకో: మగవాడు “వచ్చాడు”, ఆడపిల్లా ఆవూ బస్సూ మూడూ “వచ్చింది”. ప్రథమ పురుషలో సాయి గురించి ఒక్క క్రియ రాసినా నువ్వు తీర్పు చెప్పినట్టే. అదే ఉత్తమ పురుషలో “నేను వచ్చాను” అంటే ఆ గొడవ లేదు. “నువ్వు వచ్చావు” అన్నా లేదు. ఈ ఉత్తరమే చూడు, నువ్వు ఆడో మగో, నేను ఆడో మగో పట్టిచ్చే ప్రత్యయం ఇందులో ఒక్కటీ లేదు. సాయి చేతే కథ చెప్పించు. తనతో తాను మాట్లాడుకునేంతసేపు ఆ బిడ్డకు మన భాషలో నిలవడానికి చోటుంది. ఎదుటివాళ్లు సాయి గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ “ది” వచ్చి తగులుతుంది. పాఠకులకు నువ్వు వేరే వివరించాల్సిన పని ఉండదు.

ఇది హైదరాబాద్ కథ కాబట్టి నీకు ఇంకొకటి కలిసివస్తుంది. సాయి ఇంట్లో తెలుగు మాట్లాడినా గల్లీలో మాట్లాడేది దక్కనీ. అందులో “నేను” అన్నాక కూడా దాక్కోవడానికి లేదు: అబ్బాయి “మై ఆతా” అంటాడు, అమ్మాయి “మై ఆతీ” అంటుంది. రాంనగర్ గల్లీలో క్రికెట్ ఆడే దృశ్యాన్ని నువ్వు ఒకటిన్నర పేజీలో దాటేశావు. దాన్ని మళ్లీ రాయి. బంతి కోసం గోడ దూకబోతూ సాయి “అభీ ఆతా” అని అరవాలి. ఎవరూ తల తిప్పి చూడకూడదు. ఆట సాగిపోవాలి. నువ్వు కన్నీళ్లతో నింపిన ఆ డాబా మీది సంభాషణ కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఓణీల వేడుకను తగ్గించకు, పెంచు. హాలు బయట సాయి ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ, మేనమామ తెచ్చిన పట్టుబట్టలు, “తల కొంచెం దించమ్మా” అనే ఫొటోగ్రాఫర్, అమ్మమ్మ దంచి తెచ్చిన చిమ్మిలి. అమ్మమ్మను క్రూరురాలిగా రాయడం మాత్రం అన్యాయం. ఆ నువ్వులు ఆమె చేతులు నొప్పిపెట్టేలా దంచింది. నిన్నటిదాకా “మా మగరాయుడు” అని ఇరుగుపొరుగుకు గర్వంగా చెప్పుకున్నది కూడా ఆమే. మగపిల్లవాడిని “ఆడంగి” అనేటప్పుడు ఉండే ఏవగింపు “మగరాయుడు”లో ఉండదు, కానీ ఆ గర్వానికి గడువు ఉంటుంది. ఆ గడువు తీరిన రోజే ఈ వేడుక.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర సాయికి ధైర్యం చెప్పే హిజ్రా పాత్ర మంచి మాటలకే పరిమితమైంది. ఆమెకు భయం ఇవ్వు. నీ కథ 2019లో ముగుస్తుంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, వచ్చిన నపుంసకుల చట్టం అప్పటికి ఇంకా పుస్తకాల్లో ఉంది. రిజిస్టరులో పేరెక్కినవాళ్లు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చనీ, పదహారేళ్లలోపు మగపిల్లవాడు వాళ్ల వెంట ఉంటే శిక్షించవచ్చనీ అందులో ఉండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో. ఇప్పుడు ఆలోచించు: క్రాఫు జుట్టుతో, చొక్కా ప్యాంటుతో ఉన్న పదిహేనేళ్ల సాయి ఆమె పక్కన నిలబడితే పోలీసు కంటికి ఎలా కనిపిస్తుంది? సాయి కోరుకున్నట్టే. ఆ చూపే ఆమెకు ప్రమాదం. అందుకని ఆమె కసిరి తరిమేస్తే సాయి ఎంత నొచ్చుకుంటుందో రాయి. కారణం చాలా పేజీల తర్వాత తెలియనీ.

చట్టాల గురించి నువ్వు పెట్టిన మిగతా పేజీలో సాయికి తగిలేవి రెండే. తన జెండర్ తానే చెప్పుకునే హక్కు మనిషికి ఉందని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టమేమో, మైనర్ అయితే గుర్తింపు పత్రానికి దరఖాస్తు తల్లిదండ్రులో సంరక్షకులో పెట్టాలంది. హక్కుకూ బిడ్డకూ మధ్య నాన్న సంతకం ఉంది. దీన్ని లాయరు చేత చెప్పించకు. పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే నామినల్ రోల్ నింపే రోజు చూపించు చాలు. అందులో పడిన పేరూ అక్షరాలూ మెమో మీదికి ఎక్కి జీవితాంతం వెంట వస్తాయని టీచరు హెచ్చరిస్తుంటే, సాయి పెన్ను పట్టుకుని కూర్చుని ఉంటుంది.

చూశావా, “ఉంటుంది” అని రాసేశాను. “నొచ్చుకుంటుందో” అని కూడా రాశాను. నాకూ ఇంకా అలవాటు కాలేదు.

నీ ముగింపులో సాయి హుస్సేన్ సాగర్ గట్టు మీద నిలబడి ఉంటుందని చదివినప్పుడు నా గుండె జారింది. నా రెండో నవలలో ఇలాంటి బిడ్డనే నేను చంపాను. అది కరుణ అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత పుస్తక ప్రదర్శనలో ఒకరు ఆ నవల నా ముందు పెట్టి, సంతకం కోసం కాకుండా, “పదో తరగతి పరీక్షలైనా రాయనివ్వకపోయారా?” అని అడిగారు. ఆ మాటకు నా దగ్గర ఇవాళ్టికీ జవాబు లేదు. సాయి పరీక్షలు రాయాలి. లెక్కల్లో మార్కులు తక్కువ రానీ, ఏమైనా కానీ, రాయాలి.

ఇక నాకు తెలియాల్సింది ఒకటి మిగిలింది. వేడుకకూ మర్నాటికీ మధ్య ఎవరో నాన్నతో ఒక మాట అన్నారు. “ఇంకా ఏరా ఏమిటండీ, పెద్దపిల్ల అయితే” అని కావచ్చు. అత్తయ్య అందా, పక్కింటాయన అన్నాడా, ఆయనకు ఆయనే అనుకున్నాడా? నీ ప్రతిలో ఆ వాక్యం లేదు. అది దొరికాక ఆ అధ్యాయం ఒక్కటే పంపు, మిగతాది తర్వాత చదువుతాను.

ఆశీస్సులతో.