ఇంజిన్ మార్చాక స్పార్క్ లేదు: ముందు బాగుచేయించుకుని తర్వాత కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి గుర్తుగా ఉంచుకున్న పెట్రోలు కారుకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ తానే తెచ్చిన పాత ఇంజిన్ వేశాడు. మొత్తం 68,000 రూపాయలు ఫోనులో పంపాను. బిల్లు తీసుకోలేదు. కారును లాక్కొచ్చి ఇంటి దగ్గర వదిలి, ఒక సెన్సర్ వేస్తే స్టార్ట్ అవుతుందన్నాడు. సెల్ఫ్ తిరుగుతుంది, ప్లగ్గుల దగ్గర స్పార్క్ లేదు. 19 నెలలుగా రేపు, మాపు అంటూ, చివరికి నలుగురిలో అవమానించాడు. మరో మెకానిక్ వైరింగ్ మొత్తం మార్చి నడిపిస్తానంటున్నాడు. చేయించుకోమంటారా?

జవాబు: వద్దు. అతను బానెట్ ఎత్తి ఆ వైరింగ్ తీసిన రోజే మీ కేసు పోతుంది. అవమానం సంగతి పక్కన పెట్టండి. తేలవలసింది ఒక్కటే: స్పార్క్ ఎందుకు లేదు?

ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకు, తెలిపే క్రాంక్ సెన్సర్‌కు వైరు ప్లగ్ పెట్టకపోయినా, ఇంజిన్ ఎర్త్ వైరు బిగించకపోయినా అది మొదటి మెకానిక్ పనిలో లోపం. ఆ ఇంజిన్‌లో ఈ సెన్సర్ చదివే పళ్ల చక్రం మీ ఈసీయూకు సరిపడనిదైతే, ఇంజిన్ తెచ్చింది అతనే కాబట్టి ఆ తప్పూ అతనిదే. కానీ 19 నెలలు నిలబడిన కారులో వైర్లు ఎలుకలు కొరికాయని ఆ మొదటి మెకానిక్ న్యాయవాది అంటే మీరేం చూపిస్తారు? కొత్త వైరింగ్ వేశాక దానికి జవాబు ఉండదు.

అందుకే ముందు పరీక్ష. తేదీ, సమయం చెప్పి మొదటి మెకానిక్‌కు స్పీడు పోస్టులో నోటీసు పంపండి, రసీదు దాచండి. రాకపోయినా మంచిదే, పిలిచిన రుజువు మిగులుతుంది. అర్హత ఉన్న ఆటోమొబైల్ ఇంజినీరు చేత ఈసీయూలోని వివరాలు చదివే స్కానర్ పెట్టించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సున్నా చూపిస్తే సెన్సర్ సంకేతం ఈసీయూకు చేరడం లేదేమోనని ముందు అనుమానించాలి. ఆ తెర, ఇంజిన్ నంబరు, నంబరు ప్లేటు, ఎర్త్ వైరు బిగించే చోటు వీడియో తీయించి, రాతపూర్వక నివేదిక తీసుకోండి. ఫోనులోని చెల్లింపులు, వాట్సాప్ మాటలు చెరపకండి, ఆ ఫోను మార్చకండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. కారు వదిలిన రోజు నుంచి లెక్కిస్తే మీకు మిగిలింది ఐదు నెలలే. రేపు వస్తానన్న నోటిమాటలు ఆ గడువును పెంచవు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, ఆ దయ మీద కేసు నిలబెట్టకండి.

ఇంత డబ్బు ఇచ్చి ఒక్క కాగితం అడగకపోవడం నిర్లక్ష్యం. అంతకన్నా పెద్ద నిర్లక్ష్యం, ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంటే మీరు పట్టించుకోకపోవడం. ఆర్‌సీలో ఒక నంబరు, ఇంజిన్ బ్లాకు మీద మరో నంబరు ఉంటే మీరే ఇరుక్కుంటారు. ఆ ఇంజిన్ ఏ బండిలోదో, ఎవరి నుంచి కొన్నాడో కాగితం ఇవ్వమని అదే నోటీసులో అడగండి.

నివేదిక రాగానే, మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. 68,000, దానిపై వడ్డీ, పరీక్ష ఖర్చు, నష్టపరిహారం కోరండి. ఈ వారంలోనే నోటీసు పంపించి, పరీక్ష పూర్తయ్యేవరకు కారు తాళాలు ఎవరికీ ఇవ్వకండి.