రాయగడ మామిడి రైతు పంటను ఎపీడా కొంటుందా?

కొనదు; కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద 1986 నుంచి పనిచేస్తున్న ఎపీడా (వ్యవసాయ, ప్రాసెస్ చేసిన ఆహార ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) ఎగుమతులను ప్రోత్సహించే సంస్థే తప్ప, ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ రైతులకైనా మరెవరికైనా ధరకు హామీ ఇచ్చే సంస్థ కాదు. విదేశాల్లో మన పండుకు పెద్ద అడ్డంకి అక్కడి చీడపీడల, పురుగుమందు అవశేషాల నిబంధనలే కనుక, ఎపీడా ఆర్థిక సాయం పండ్లను శుభ్రపరిచి ప్యాక్ చేసే ప్యాక్‌హౌస్‌లకు, నాణ్యత పరీక్షలకు, మార్కెట్ల అభివృద్ధికి వెళ్తుంది. పండు ఈగల కారణంగా 2014 మేలో మన మామిడిని నిషేధించిన యూరోపియన్ యూనియన్, మన తనిఖీ ఏర్పాట్లు మెరుగుపడ్డాకే 2015 ఆరంభంలో ఆ నిషేధాన్ని తొలగించింది.

ఎపీడాలో నమోదు చేసుకుంటే ఎగుమతి ఖాయమన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఆ నమోదు ఎగుమతిదారుకు సంబంధించినది. ఎగుమతి దిగుమతి కోడ్, సరుకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, కొనుగోలుదారు వేరుగా కావాలి. ఒంటరి చిన్న రైతుకు ఇది నిజంగా భారమే, అయితే రైతు ఉత్పత్తిదారుల సంఘం తన పేరునే ఆ కోడ్ పొందవచ్చు.