తమ్ముడు స్టేషన్‌లో ఉన్న రెండు రాత్రులు రికార్డులో లేవు

ప్రశ్న: మాది గుంటూరు. తమ్ముడు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. కొట్లో డబ్బు పోయిందని సంక్రాంతి వెళ్లిన వారం పోలీసులు ఇంటికొచ్చి తీసుకెళ్లారు. రెండు రాత్రులు ఉంచి, ఒప్పుకోమని అరికాళ్ల మీద కొట్టారు. కేసు లేదు, కాగితం లేదు. మూడో రోజు వదిలేశారు, ఫోన్ మాత్రం ఇవ్వలేదు. ఎస్పీ ఆఫీసులో సోమవారం అర్జీ ఇస్తే అది తిరిగి అదే స్టేషన్‌కు వెళ్లింది. ఎనిమిది నెలలైంది, అమ్మ మంచం పట్టింది. పోలీసుల మీద మూడు నెలల్లోపే కేసు వేయాలట, గడువు దాటిందని ఒక పెద్దమనిషి అంటున్నాడు. 'బైక్ మీద నుంచి పడ్డానని రాసిస్తే ఫోనూ, యాభై వేలూ ఇప్పిస్తా' అంటున్నాడు. పట్టించుకోని పై అధికారుల మీద కేసు వేయవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలుంది. తమ్ముణ్ణి తీసుకెళ్లిన తేదీ మాత్రం ఎక్కడా లేదు. ఈ కేసు తేలేది ఒక్క విషయం మీదే: ఆ రెండు రాత్రులు అతను స్టేషన్‌లో ఉన్నాడని చూపించగలరా? అరెస్టు మెమో లేదు, ఎఫ్‌ఐఆర్ లేదు. రేపు వాళ్లు 'ఈ అబ్బాయి మా స్టేషన్ గడప తొక్కలేదు' అంటారు. ఆ మాట నిలబడితే దెబ్బల దాకా ఎవరూ రారు.

ఆ మాటను పడగొట్టేది స్టేషన్ సీసీ కెమెరా. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లోనూ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. ఫుటేజీ బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ది. ఆ పైన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలి, అందులో కలెక్టరూ ఎస్పీ సభ్యులు. పై అధికారులను పట్టుకోవాల్సింది ఇక్కడ. 'ఎస్పీ పట్టించుకోలేదు' అంటే కోర్టు ఏమీ చేయదు. 'ఫలానా తేదీల ఫుటేజీ భద్రపరచమని రాసిచ్చాం, రసీదు ఇదిగో, అయినా చెరిపేశారు' అంటే జవాబు చెప్పాల్సింది వాళ్లు. మీ అర్జీలో 'న్యాయం చేయండి' అని ఉంది తప్ప కెమెరా ఊసే లేదు. ఎనిమిది నెలలు ఊరికే పోగొట్టుకున్నారు.

జీజీహెచ్‌కు తీసుకెళ్లకుండా ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించడం ఇంకో పొరపాటు. పెద్దాసుపత్రిలో చూపించి ఉంటే మెడికో లీగల్ కేసుగా, అంటే నేరం వల్ల తగిలి ఉండొచ్చనే గాయంగా రాసేవారు, గాయాల సర్టిఫికెట్ ఉండేది. ఇప్పుడు మిగిలింది మీరు పంపిన ఫొటో: నల్లగా కమిలిన రెండు అరికాళ్లు, వెనక గోడకు జనవరి క్యాలెండర్. అది తీసిన ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్ కాపీ చాలదు. అసలు ఫైలుతో పాటు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఫైలు ఆ ఫోన్‌లోదేనని ధ్రువీకరించే కాగితం కావాలి.

ఆ బైక్ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. యాభై వేలు చేతికొచ్చినా రాకపోయినా, అది మీ తమ్ముడి సొంత మాటగా కోర్టుకొస్తుంది. బైక్ మీద నుంచి పడితే రెండు అరికాళ్లూ ఎలా కమిలాయని నేను అడగడానికి కూడా ఉండదు. ఆ పెద్దమనిషి ఏ రోజు ఏమన్నాడో రాసి పెట్టుకోండి, మెసేజ్ ఉంటే దాచండి. పంచనామా లేకుండా తీసుకున్న ఫోన్‌ను ఇప్పిస్తానంటున్నాడంటే అది ఎక్కడుందో తెలిసే అంటున్నాడు. ఆ రాత్రులు ఆ ఫోన్ ఏ టవర్ కింద ఉందో కోర్టు ద్వారా తెప్పించవచ్చు.

మూడు నెలల గడువు పాత మద్రాసు జిల్లా పోలీసు చట్టం 53వ సెక్షన్‌లోది. నేరం ఒప్పించడానికి కొట్టడం ఆ చట్టం కింద చేసే పని కాదని, ఆ గడువు దానికి వర్తించదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 1963లో సుప్రీంకోర్టు తేల్చింది. అలా గాయపరచడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం, క్రిమినల్ ఫిర్యాదుకు గడువు అడ్డు రాదు. మానవ హక్కుల కమిషన్‌కు మాత్రం ఏడాదిలోపే వెళ్లాలి. అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం దావా కూడా వదిలిపెట్టిన రోజు నుంచి ఏడాదిలోపే. మీకు మిగిలింది నాలుగు నెలలు.

రేపే స్టేషన్ హౌస్ ఆఫీసర్, ఎస్పీ, కలెక్టర్ ముగ్గురికీ ఫుటేజీ భద్రపరచమని స్పీడ్ పోస్టులో అర్జీ పంపండి. మీ సోమవారం అర్జీ మీద ఎవరు ఏం రాశారో ఎస్పీ ఆఫీసును ఆర్టీఐలో అడగండి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లకే విచారణ అప్పగించే ఈ పద్ధతి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జిల్లాకో ఫిర్యాదుల అథారిటీ పెట్టమన్నది ఇందుకే. వారంలో జవాబు రాకపోతే ఫుటేజీ కోసం హైకోర్టులో రిట్ వేద్దాం. మేజిస్ట్రేటు దగ్గర సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 175(4) సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే, దర్యాప్తుకు ఆదేశించే ముందు పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకుంటారు. అర్జీని కింది స్టేషన్‌కు తోసేసినట్టు దాన్ని తోసేయడం కుదరదు.

ముందు తేదీలు రాసి పంపండి. రెండు రోజులూ క్యారేజీ పట్టుకెళ్లిన మీ బాబాయి స్టేషన్ గేటు దగ్గరికి ఏ వేళకు వెళ్లాడో, ఎవరి చేతికి ఇచ్చాడో అది కూడా రాయించండి.