శుక్లాల ఆపరేషన్ తర్వాత కంటి నొప్పి పెరుగుతుంటే ఆగొద్దు

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు, షుగర్ ఉంది. ఐదు రోజుల కిందట కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేసి లెన్స్ వేశారు. మొదట బాగానే కనిపించింది. నిన్నటి నుంచి కన్ను ఎర్రబడి సలుపుతోంది, కాస్త మసకగా ఉందంటోంది. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేస్తున్నాం. తలస్నానం ఎప్పుడు చేయించాలి? పప్పు, వంకాయ పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తలస్నానం, వంకాయ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు అమ్మగారిని ఇవాళే ఆపరేషన్ చేసిన చోటికి తీసుకెళ్లండి. అక్కడ డాక్టర్ లేకపోతే దగ్గర్లోని ఏ పెద్ద కంటి ఆసుపత్రికైనా సరే, రేపటి దాకా మాత్రం ఆగకండి. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు కన్ను గరగరలాడటం, నీరు కారడం, కొంచెం ఎరుపు మామూలే, కానీ అవి రోజురోజుకూ తగ్గాలి. బాగా వచ్చిన చూపు మళ్లీ మసకబారి, దానికి నొప్పి తోడైతే కంటి లోపల ఇన్ఫెక్షన్ వచ్చిందేమో అని ముందు అనుమానించాలి. ఇది అరుదే, కానీ వస్తే ఎక్కువగా మొదటి వారంలోనే వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. కంట్లోకి నేరుగా యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు, గంటలు గడిచేకొద్దీ చూపు దక్కే అవకాశం తగ్గుతుంది. కంట్లో ఒత్తిడి పెరిగినా, లోపల వాపు ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి కన్ను చూడకుండా ఇదే అని నేను చెప్పలేను.

ఆ షాపు చుక్కలు వెంటనే ఆపేయండి. సీసా పారేయకుండా వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. ఎర్రబడిన కంటికి అడగ్గానే ఇచ్చే చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది, పైకి ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల జబ్బు ముదురుతుంది. డాక్టర్ రాసిన చుక్కల్లోనూ స్టెరాయిడ్ ఉంటుంది, అయితే దాన్ని వారం వారం తగ్గిస్తూ కొన్ని వారాల్లో ఆపిస్తాం. బాగుంది కదా అని మధ్యలో మానేసేవాళ్లు కొందరు, అదే చీటీ చూపించి నెలల తరబడి కొనేవాళ్లు కొందరు. ఇలా నెలల తరబడి వాడి నీటికాసులు (గ్లకోమా) తెచ్చుకుంటే పోయిన చూపు తిరిగి రాదు. నాన్నగారికి మిగిలిన సీసా, పక్కింటివాళ్లు ఇచ్చిన సీసా, కంట్లో ఆముదం, ఇవేవీ వద్దు, దయచేసి.

చుక్కలు వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పెద్దవాళ్లు తమంతట తాము వేసుకుంటే చెయ్యి వణికి సీసా మూతి రెప్ప వెంట్రుకలకు తగులుతుంది, అంతటితో సీసా మొత్తం పాడైనట్టే. అందుకే పడుకోబెట్టి, కింది రెప్ప కొంచెం లాగి, మీరే ఒక్క చుక్క వేయండి. రెండు మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. రాత్రి కంటికి షీల్డ్ కట్టండి. బాత్రూమ్‌కు లేస్తే ఎవరైనా పట్టుకుని తీసుకెళ్లాలి, పడితే ఇబ్బంది కంటితో ఆగదు.

ఇక మీరు అడిగినవి. తలస్నానం సాధారణంగా రెండు వారాలు వద్దంటాం, మీ డాక్టర్ ఎప్పుడంటే అప్పుడు చేయించండి, అప్పటిదాకా తడి గుడ్డతో ముఖం తుడిస్తే చాలు. పప్పు, వంకాయ తింటే కంటికి చీము పట్టదు, నిక్షేపంగా పెట్టండి. పథ్యం పేరుతో కడుపు మాడ్చి షుగర్ మాత్రలు వేస్తే కళ్లు తిరిగి పడిపోతారు.