గోధుమ, పాలు, ఉల్లి మూడూ పడట్లేదు, అన్నీ మానేయాలా?

ఇప్పుడే మానకండి. ముందు సీలియాక్ వ్యాధికి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ మానేశాక చేయిస్తే, ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు తగ్గి, జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. చాలామంది పొరపడేది ఇక్కడే.

సీలియాక్ లేదని తేలితే, అసలు దోషి గ్లూటెన్ కాకపోవచ్చు కూడా. గోధుమలోనూ ఉల్లిలోనూ ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. చిన్నపేగు వాటిని అరిగించలేదు. పెద్దపేగులో అవి పులిసి గ్యాస్ పుడుతుంది. రెండూ పడట్లేదంటే నేనైతే ముందు వీటినే అనుమానిస్తాను. పాల గొడవ వేరు, సాధారణంగా అది పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ తక్కువవడం వల్ల.

అనుమానమున్నవి 2 నుంచి 6 వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే కొద్దికొద్దిగా తిని చూడండి. డైటీషియన్ తోడుంటే టెన్షన్ తగ్గుతుంది. ఎంతవరకు పడుతోందో రాసుకోండి. అలర్జీ కాకుండా ఇలా అరగకపోవడమే అయితే, కొంచెం తింటే ఏమీ కాకపోవచ్చు.