వెలగపూడి వెళ్లేముందు ఇది చదువు

తల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. గంజాయి చట్టం మార్చమని అడగడానికి ఎమ్మెల్యేలను కలవబోతున్నావట. "అంతా నీ పోలికే వదినా" అని ఏడ్చినంత పని చేసింది. నాకు రాత్రంతా నిద్ర లేదు. గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది.

వినతిపత్రం తెలుగులో, రెండు పేజీల్లో ముగించు. పీఏకి ముందే ఫోన్ చెయ్యి. టైముకి పది నిమిషాల ముందుండు.

ఎవరి చేతిలో ఏముందో తెలుసుకుని అడుగు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, పార్లమెంటుది. శిక్షలు మార్చడం మన అసెంబ్లీ వల్ల కాదు, ఆ ఒక్క మాట చెప్పి నిన్ను పంపించేస్తారు. అందుకే వాళ్లని ఒక తీర్మానం అడుగు, చికిత్సా కేంద్రాలు అడుగు. 2021లో 'పరివర్తన' పేరుతో మన్యంలో గంజాయి తోటలు నరికించారు కదా, ఆ రైతుల కాఫీకి, మిరియాలకి, పసుపుకి గిట్టుబాటు ధర అడుగు. శిక్షల సంగతి ఎంపీల దగ్గర ఎత్తు.

20 కిలోల గీత దగ్గర మాత్రం తడబడకు. కిలో లోపు దొరికితే మహా అయితే ఏడాది. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా వెయ్యొచ్చు. 37వ సెక్షన్ అడ్డం పడి బెయిలు గగనమైపోతుంది. సరుకు సొంతదారైనా, కూలికి సంచి మోసిన కుర్రాడైనా లెక్క ఒకటే. ఆ పదేళ్లు తగ్గించే వీలు జడ్జికి కూడా లేదు.

గంజాయి మంచిదేనన్న మాట మాత్రం నీ నోట రానివ్వకు. దాని పాలబడ్డ పిల్లల తల్లిదండ్రులూ నా లాయరు ఆఫీసు మెట్లెక్కారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

నేను ప్రాక్టీసులో ఉన్నప్పుడు పాడేరు అవతల నుంచి ఒకావిడ వచ్చేది. కొడుకు అడవివరం జైల్లో ఉన్నాడు. బస్సులో 21 కిలోల సంచితో దొరికాడు. దాటింది ఒక్క కిలో. ఆమెను చూస్తే ఎవరి మనసైనా కరుగుతుందనుకుని ఒక ప్రజాప్రతినిధి ఇంటికి తీసుకెళ్లాను. "నేనేం చెప్పాలమ్మా?" అంది. "నువ్వు నిలబడు చాలు, నేను మాట్లాడతా" అన్నాను. హాలు నిండా జనం. ఊరి పేరు చెప్పేశాను. సంచి ఎవరిచ్చారో కూడా చెప్పేశాను. ఆవిడ కొంగు కొసని వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. నేనది చూశాను. చూసి కూడా ఆగలేదు, మాట ధాటిగా వస్తోంది మరి.

ఆయన "చూద్దాం" అన్నాడు. అంతే.

నెల తిరక్కుండా సంచి ఇచ్చినవాళ్లు ఆమె గుమ్మంలోకి వచ్చారు. ఉన్న రెండు మేకలూ అమ్ముకుని చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది. తర్వాతి వాయిదాకి వచ్చి, అడ్డాకులో చుట్టిన పసుపు కొమ్ములు నా టేబుల్ మీద పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నీతో ఎవరినైనా తీసుకెళ్తున్నావా? అయితే ముందురోజే పక్కన కూర్చుని, ఏది చెప్పాలో ఏది దాచాలో వాళ్లనే అడుగు. ఊరి పేరు వద్దంటే వద్దు. ఆఖరి నిమిషంలో రానంటే బతిమాలకు, నువ్వొక్కదానివే వెళ్లు. ఫొటోలు, స్టేటస్‌లు అసలే పెట్టకు. ఏది జరిగినా ఫోన్‌లో పెట్టేసే అలవాటు నీకుంది, ఈ ఒక్కసారికి నా మాట విను. కోప్పడుతున్నాననుకోకు. చిన్నప్పుడు బీచ్‌లో అల వచ్చినప్పుడల్లా నా చెయ్యి వదిలించుకుని ముందుకే పరిగెత్తేదానివి, నాకు ఇప్పటికీ అదే కనిపిస్తోంది.

ముందురోజు రత్నాచల్‌కే బయల్దేరు. పెరుగన్నం కట్టి స్టేషన్‌కి నేనే తెస్తాను. ఆ వినతిపత్రం పైకే పెట్టుకో, రైలు కదిలేలోపు ఒకసారి చూస్తాను, ఎవరి పేరైనా ఉండిపోయిందేమో.

మీ అత్త