ఉన్ని రగ్గును వేడినీళ్లలో ఉతకొచ్చా?

ఉతకకూడదు; ఉన్ని రగ్గును చన్నీళ్లలోనే, గట్టిగా రుద్దకుండా, మెలిపెట్టి పిండకుండా ఉతకాలి. వేడినీళ్లు నూలు దుప్పట్లకు సరే.

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలుంటాయి. వేడినీళ్లలో నాని, పైగా మెషీన్‌లో గిరగిరా తిరిగితే అవి ఒకదానికొకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. రగ్గు కురచై, దళసరిగా గట్టిపడుతుంది. నూలు పోగుకు పొలుసులుండవు కాబట్టి ఆ బాధ లేదు. డిటర్జెంట్ విషయంలోనూ జాగ్రత్త: చాలావాటిలో ప్రోటీన్ మరకలను కరిగించే ఎంజైములుంటాయి, ఉన్ని కూడా ప్రోటీనే మరి!

గొంగడినే తీసుకోండి. తడిస్తే బాగా బరువెక్కుతుంది, తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకే సాగిపోతుంది. నీడలో నులకమంచం మీద పరిస్తే కిందినుంచీ గాలి తగిలి ఆరుతుంది. మింక్ బ్లాంకెట్ సాధారణంగా పాలిస్టర్, తీగ మీద వేసినా ఫర్వాలేదు. డ్రయర్‌లో వేడి ఎక్కువైతే మాత్రం దాని నూగు గరుకవుతుంది.

కురచైన ఉన్ని రగ్గును తడిపి లాగితే మళ్లీ మామూలవుతుందని చాలామంది అనుకుంటారు. కాస్త సాగొచ్చేమో గానీ, చిక్కుపడిన పోగులు పూర్తిగా విడిపోవు.